గాలి గొట్టానికి పళ్ళు కోయించిన పిల్ల

మా మనవరాలు దివ్యశ్రీ ఏం పని చేస్తుందని అడిగినవాళ్ళకి నేను ఒకటే మాట చెప్తాను. గాలి ఎందుకు అరుస్తుందో లెక్క వేస్తుంది. విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. మొన్నటి ఎండాకాలం దాకా నేనూ నవ్వినదాన్నే.

మాది ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో ఒక పల్లె. భూమి లేదు, మంద ఉంది. నా కొడుకు మాలకొండయ్య, నేను కలిసి గొర్రెలు మేపుతాం. నా కోడలు పొగాకు కూలికి పోయేది కాబట్టి దివ్యశ్రీ నడక నేర్చిన కాడి నుంచి నా వెంటే తిరిగింది. మంచి పిల్లే గానీ దానికి ఒక రోగం ఉండేది. ఎక్కడ బుస్సుమన్నా అక్కడ నిలబడిపోయేది. కుక్కర్ బుస్సుమన్నా, బస్సు బ్రేకు బుస్సుమన్నా, మోటారు గొట్టం చిల్లిలోంచి నీళ్ళు చిమ్మినా, చెవి అటు తిప్పి బొమ్మలా నిలబడేది.

ఒకసారి ఆత్మకూరులో గొర్రెల మందు కొనుక్కుని తిరిగి వస్తున్నాం. బస్టాండు పక్కన పంక్చర్ షాపులో టైర్లకి గాలి కొట్టే గొట్టం ఉంటే ఇది పోయి తీసుకుంది. బొటనవేలితో మూతి నొక్కడం, వదలడం, మళ్ళీ నొక్కడం. నేను దాన్ని వెతుక్కుంటూ తిరిగేలోపల ఉదయగిరి బస్సు మా ముందే పోయింది. వీపు మీద ఒకటి ఇచ్చాను.

"ఏందిమే, బస్సు పోయింది గదా! ఇంకో బస్సు మీ నాయన తెస్తాడా?"

అది ఏడుస్తూనే చెప్పింది. "అవ్వా, మూతి నొక్కితే దాని గొంతు మారతాండాది."

అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది, ఇది బాగుపడదని.

బాగుపడింది లెండి. ఆత్మకూరు హాస్టల్లో ఉండి చదివింది, నెల్లూరులో చదివింది, తర్వాత మద్రాసులో పెద్ద కాలేజీలో చేరింది. ఇప్పుడు అక్కడే రీసెర్చి అంటుంది. ఏం రీసెర్చే అని అడిగితే విమానం సంగతి ఎత్తింది.

"విమానం వెనకాల గొట్టంలో నుంచి గాలి యమా జోరుగా వస్తాది గదా అవ్వా. అది ఎంత రొద చేస్తాది, ఏ పక్కకి ఎక్కువ చేస్తాది, ఎట్టా తగ్గించాలా అని కంప్యూటర్లో ముందే లెక్క కడతాం."

"పైన పోయే విమానం రొద తగ్గించి మాకేం ఒరగబెడతావే? అది మన దొడ్డిలో దిగతాదా?"

దానికి కోపం రాదు. అదొక్కటే నా పోలిక రాలేదు. ఒకసారి పెళ్ళికని సంగం పోయినప్పుడు నన్ను బ్యారేజీ దగ్గరికి లాక్కుపోయి నిలబెట్టింది. గేటు కింద నుంచి నీళ్ళు దూకి, అవతల ఊరికే నిలబడి ఉన్న నీళ్ళలోకి దూసుకుపోతున్నాయి.

"చూడు. జోరు నీళ్ళు, నిదానం నీళ్ళు రాసుకునే కాడ సుడులు పుడతాండాయి. గేటు దగ్గర సన్న సుడులు. అట్టా పోయేకొద్దీ పెద్ద సుడులు. గాలి కూడా ఇంతే. సన్న సుడి కీసుమంటాది, పెద్ద సుడి గుర్రుమంటాది. కంటికి కనపడవు గానీ చెవికి తెలస్తాయి."

"కనపడని సుడులు లెక్కపెట్టేదానికి నీకు జీతం ఇస్తుండారా?"

"ఇస్తుండారు."

"ఎవురో గానీ బాగా డబ్బున్నోళ్ళు," అన్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మా దొడ్డి సురేంద్రబాబు బత్తాయి తోట పక్కన ఉంది. వాళ్ళు తాతల నాటి నుంచీ భూమి ఉన్నవాళ్ళు. మా మంద వాళ్ళ బీట్లో పడుకుంటుంది, ఎరువు వాళ్ళకి, చోటు మాకు. దొడ్డికీ తోటకీ మధ్య పాత బావి ఒకటి ఉంది. దానికి నీళ్ళు లేవు, గట్టు లేదు, లోతు మాత్రం ఉంది. చుట్టూ ముళ్ళ కంప వేసి ఉంచుతాం.

పోయినేడు తోటలో బోరు వేయడానికి రిగ్గు బండి వచ్చింది. ఆ బండి గాలి జోరుతో రాయిని తొలుస్తుంది. ఒక రాడ్డు పూర్తిగా దిగాక ఇంకో రాడ్డు తగిలించాలంటే, లోపల నిండి ఉన్న గాలిని పక్కనున్న గొట్టంలోంచి బయటికి వదలాలి. ఆ వదలడం ఉంది చూశారా, కడుపులో పేగులు కదులుతాయి. మాకు ముందుగా ఒక మాట చెప్పినవాడు లేడు. మొదటి రాడ్డుకి గాలి వదలగానే మంద మొత్తం లేచింది. దొడ్డి కంప తొక్కుకుని పరిగెత్తింది. ముందు పోయేది బొల్లోడు, మా మంద పొట్టేలు. వాడి మెడలో పెద్ద కంచు గంట ఉండేది. ఆ గంట నడిస్తే మంద నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. ఆ రోజు ఆ గంట మాకే వినపడలేదు, వాటికేం వినపడుతుంది? బొల్లోడు బావిలో పడ్డాడు. వెనకాలవి వాడి మీద, వాటి మీద ఇంకొన్ని. మాలకొండయ్య నడుముకి మోకు కట్టుకుని దిగాడు. బతికినవాటిని పైకి పంపాడు. చివరికి బొల్లోడి మెడలో గంట విప్పి చేత్తో పట్టుకుని పైకి వచ్చాడు. 

బావిలో పడి చచ్చిన పొట్టేలు గంట మళ్ళీ మందలో కట్టకూడదు. మా అత్త నాకు చెప్పింది, ఆమెకి వాళ్ళ అత్త చెప్పింది. కడితే మంద ఆ గంట వెనకే పోతుందట, అది పోయిన చోటికే. అందుకని దాన్ని ఇంట్లో దూలానికి వేలాడదీశాను. ఎర్రోడని కొత్త పొట్టేలుని తయారుచేసి, ఆత్మకూరు సంతలో చిన్న ఇత్తడి గంట కొని వాడికి కట్టాం. సన్నగా, ముద్దుగా మోగేది.

ఆ బోరు ఏడాది తిరక్కముందే ఎండింది. ఈ ఎండాకాలం సురేంద్రబాబు దొడ్డి దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

"పెంచలమ్మా, బుధవారం రిగ్గు వస్తాది. ఈసారి ముందే చెప్తుండా. మందను దూరం తోలుకోండి."

"యాడికి తోలమంటావు అబ్బయ్యా? అటు జనాల పొగాకు, ఇటు రేచుకుక్కల అడివి. సగం గొర్రెలు నిండు సూడి. మిగతావి నిన్నా మొన్నా ఈనినాయి. ఆ పిల్లలు నడుస్తాయా?"

"నా చెట్లు నడుస్తాయా మరి?"

ముడుచుకుపోయిన ఆ బత్తాయి ఆకులు నేనూ చూస్తూనే ఉన్నాను.

మాలకొండయ్య కూతురికి ఫోన్ చేసి చెప్పాడు. ఈ తడవ ఒక్క గొర్రె బావిలో పడినా మందను అమ్మేసి హైదరాబాదులో వాచ్‌మన్‌గా చేరిపోతానన్నాడు. వాడు బెదిరింపులకి అనే మనిషి కాదు. గొర్రె తోకలు చూసుకుంటూ ముసలిదాన్నైన నేను, వాచ్‌మన్ గదిలో గోడ చూసుకుంటూ కూర్చోవాలి. ఆ మాట విన్న కాడి నుంచి నాకు ముద్ద దిగలేదు.

మంగళవారం దివ్యశ్రీ దిగింది. బ్యాగులోంచి బట్టల కంటే ముందు ఒక ఇనప గొట్టం ముక్క తీసింది. రిగ్గు గొట్టం కొలత ఫోనులో కనుక్కుని, దారిలో ఆత్మకూరులో దిగి వెల్డింగ్ షాపులో చేయించుకొచ్చిందట. దాని మూతి చుట్టూ రంపం పళ్ళలాగా కోసి ఉంది.

"ఏందే ఇది, మొసలి నోరా?"

"రిగ్గు గొట్టం మూతికి దీన్ని తగిలిస్తే పళ్ళ సందుల్లో లోపలి గాలి, బయటి గాలి ముందే కలిసిపోతాయి అవ్వా. పెద్ద సుడులు బలంగా లేవవు. గుర్రుమనే రొద తగ్గతాది. లెక్క కట్టి చూసినాను."

"లెక్కలో గొర్రెలు ఉండాయా?"

నవ్వి గొట్టాన్ని మళ్ళీ బ్యాగులో పెట్టుకుంది.

బుధవారం పొద్దున్నే రిగ్గు వచ్చింది. దివ్యశ్రీ పోయి సురేంద్రబాబునీ, రిగ్గు మేస్త్రీనీ బతిమాలింది. తొలచడం మొదలుపెట్టకముందు ఉత్తినే ఒకసారి గాలి వదిలి చూద్దామంది. మేస్త్రీ తమిళంలో గొణిగాడు గానీ పళ్ళ గొట్టం తగిలించాడు. రొద గొట్టానికి నేరుగా ముందుకి కాదు, ముందుకి కాస్త వాలుగా ఎక్కువ పోతుందట. ఆ వాలు దొడ్డి మీద పడకుండా కొండ వైపు పడేలా గొట్టం తిప్పించింది. మాలకొండయ్య ఎర్రోడి మెడ పట్టుకుని బావికి ఎదురు దిక్కున నిలబడ్డాడు. గాలి వదలగానే వాడు ఎర్రోడిని నడిపించాలి, గంట వెనక మంద పోవాలి. నేను కర్ర పట్టుకుని బావి ముందర నిలబడ్డాను.

గాలి వదిలారు.

నిజం చెప్పొద్దూ, పోయినేటి రొద కాదది. కడుపులో ఏమీ కదల్లేదు. ఎవరో ఆకాశాన్ని సన్నగా చింపుతున్నట్టు కీసుమని ఒకటే చప్పుడు. దివ్యశ్రీ ఫోన్‌లో రొద కొలత చూసుకుని ఎగిరింది, చేతులు ఊపింది. దాని నోరు చూస్తే తెలిసింది, తగ్గింది తగ్గింది అంటోందని.

మంద మాత్రం పగిలిపోయింది. ఎప్పుడూ ఒక దుప్పటిలా కదిలే గొర్రెలు తలా ఒక దిక్కు చూసి తలా ఒక దిక్కు ఉరికాయి. మాలకొండయ్య ఎర్రోడిని లాగుతూనే ఉన్నాడు. ఒక్క గొర్రె వాడి వంక చూడలేదు. ఒక గుంపు నా మీదికే వచ్చింది. కర్ర తిప్పాను, అరిచాను, నా అరుపు నాకే వినపడలేదు. ముందున్న గొర్రె బావి కంపలో ముందరి కాళ్ళు పెట్టింది. మేస్త్రీ గాలి ఆపాడు. ఆ నిశ్శబ్దంలో దాని కాలి కింద రాయి ఒకటి జారి, కాసేపటికి కింద ఎక్కడో పడిన చప్పుడు విన్నాను. గొర్రె చెవి పట్టుకుని వెనక్కి ఈడ్చాను.

గొర్రె ఏదీ పోలేదు. పిల్ల ఒకటి తొక్కిసలాటలో పడి కాలు కుంటుతోంది. మాలకొండయ్య దాన్ని చంకలో పెట్టుకుని కూతురి ముందుకి వచ్చాడు.

"తగ్గిందంట! ఎవురికి తగ్గింది? నీ ఫోనుకా?"

"నాయనా, రొంత ఆగు..."

"నీ లెక్కలు మూట కట్టుకుని మద్రాసుకి పో. ఈడ గొర్రెలుండేది."

సురేంద్రబాబు మెల్లిగానే చెప్పాడు. "పాపా, నువ్వు అడిగినావని ఆగినాను. ఇంక నా చేతిలో లేదు. వీళ్ళు అన్నం తినంగానే మొదలు పెడతారు."

రిగ్గు వాళ్ళు క్యారేజీలు విప్పారు. దివ్యశ్రీ వేప చెట్టు మొదట్లో కూర్చుని, ఫోన్ చెవికి ఆనించి ఆ చప్పుడే మళ్ళీ మళ్ళీ విన్నది. నేను తిట్టడానికే పోయాను. నోరు తెరిచేలోపల అదే అడిగింది.

"అవ్వా, గాలి వదిలినప్పుడు ఎర్రోడి గంట నీకు వినపడినిందా?"

కళ్ళ ముందర మళ్ళీ చూసుకున్నాను. వాడి మెడ ఊగింది. గంట ఊగింది. మోగిందా అంటే...

"లేదు," అన్నాను.

అది తల పట్టుకుంది. "పళ్ళు పెద్ద సుడుల్ని చెదరగొట్టినాయి అవ్వా. వాటికి బదులు సన్న సుడులు ఎక్కువైనాయి. గుర్రు తగ్గింది, కీసు పెరిగింది. రెండూ కలిపితే పళ్ళు లేని గొట్టానికి కట్టిన లెక్క కంటే తక్కువే, ఫోను అబద్ధం చెప్పలా. కానీ ఆ కీసు పోయి సరిగ్గా ఆ సన్న గంట గొంతు మీద కూర్చున్నాది. రొద ఎంత అని చూసినాను గానీ, అది ఎవురి గొంతు మింగతాదో చూడలా."

"చూసుంటే?"

అది నా మొహంలోకి చూసింది. "బొల్లోడి గంట యాడ ఉండాది అవ్వా?"

"దాన్ని అడగబాక."

"దానిది బొంగురు గొంతు. పోయినేడు గొట్టానికి పళ్ళు లేవు, గుర్రుమనే రొద దాన్ని మింగింది. ఇప్పుడు ఆ గుర్రు లేదు. ఆ సందులో బొల్లోడి గంట వినపడతాది. కొత్త గంటైతే మంద నమ్మదు, దీన్ని మాత్రం మరిచిపోయుండవు."

"చచ్చిన దాని గంటమే అది! కడితే మంద దాని వెనకాలే బావిలోకి పోతాది. మా అత్త..."

"తెలుసు అవ్వా. చిన్నప్పుడు నువ్వే చెప్పినావు."

"నీ లెక్క పొద్దునే ఒకసారి చూసినాను."

"చూసినావు."

"రెండోసారి తప్పితే?"

"నాయన మంద అమ్మేస్తాడు. నువ్వు నన్ను గడప తొక్కనీవు."

"తొక్కనీను," అన్నాను. ఉత్తినే అన్న మాట కాదది.

అది లేచి ఇంటి వైపు పోలేదు. స్టూలు వేసుకుని దించుకునే ఎత్తులోనే ఉంది ఆ గంట, దానికీ తెలుసు. అయినా అక్కడే కూర్చుంది. మొండిపిల్ల. అరిచి ఎదురు చెప్పి ఉంటే నేను వదిలిపెట్టేదాన్ని కాదు. ఊరికే కూర్చున్నదాన్ని ఏం చేయను? అవతల రిగ్గు వాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు.

ఇంట్లోకి పోయి గంట నేనే దించాను. నాలుక మీద సాలెపురుగు గూడు కట్టి ఉంది. కొంగుతో తుడిచాను. అత్తా, నీ మాట మీరుతున్నాను, పట్టుకుంటే నన్ను పట్టుకో, మందను వదిలెయ్యి, అనుకున్నాను. పైకి అనలేదు. పొయ్యి కాడ కోడలు ఉంది, దాని ముందు మా అత్తకి భయపడినట్టు కనపడకూడదు కదా.

నేను గంటతో రావడం చూసి మాలకొండయ్య చంకలో పిల్లను కింద పెట్టాడు.

"అమ్మా! అది యాడికి తెస్తుండావు?"

"మెడకి. నీ మెడకి కాదులే, బెదరబాక."

వాడు నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు. బావిలోంచి ఆ గంట పట్టుకుని పైకి వచ్చింది వాడే. ఎర్రోడి మెడలో చిన్న గంట విప్పాడు. పెద్దది కట్టేటప్పుడు అది ఒక్కసారి మోగింది. ముసలి గొర్రెలు నెమరు ఆపాయి. మేస్తున్న ఒకటి తల ఎత్తి, బొల్లోడు వస్తాడేమో అన్నట్టు దారి వైపు చూసింది.

రిగ్గు మొదలైంది. తొలిచే చప్పుడుకే గొర్రెలు ఒకదానికొకటి ఒత్తుకుని నిలబడ్డాయి. తెల్లటి రాతి పొడి లేచింది. రాడ్డు దిగుతూ ఉంది. నేను బావి ముందర నా చోట్లోకి వచ్చాను. దివ్యశ్రీ ఫోను జేబులో పెట్టేసి, వచ్చి నా పక్కన నిలబడింది.

"ఫోను చూసుకోవా?"

"ఈసారి గొర్రెల్ని చూస్తా."

రాడ్డు పూర్తిగా దిగింది. మేస్త్రీ చెయ్యి పైకెత్తాడు.

కీసుమంది. పొద్దున్న ఎంతో ఇప్పుడూ అంతే. మంద ఒక్క ఉలుకు ఉలికింది, అంతా కలిసి మా వైపు తిరిగింది. అన్ని కళ్ళు ఒక్కసారిగా నా మీద. అత్త మాట నిజమైందనుకున్నాను.

అప్పుడు ఆ కీసు కింద నుంచి, నేల లోపలి నుంచి వచ్చినట్టు, ఢంగ్ అంది. మాలకొండయ్య ఎర్రోడిని నడిపిస్తున్నాడు. ఢంగ్. ముసలి గొర్రె ఒకటి చెవి వెనక్కి తిప్పింది. ఢంగ్. అది మాకు వీపు చూపించింది. దాని వెనక ఇంకొకటి. దుప్పటిని ఒక కొస పట్టి లాగినట్టు మంద మొత్తం తిరిగి, బావికి ఎదురు దిక్కుగా, గంట వెనక నడిచింది. పరుగు కాదు, నడక. కుంటిపిల్ల కూడా అమ్మ పొట్ట కింద కుంటుకుంటూ పోయింది.

గాలి ఆగింది. సురేంద్రబాబు తోట గట్టు మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకోవడం కనపడింది. ఆయన కూడా ఊపిరి బిగబట్టే ఉన్నాడని అప్పుడు తెలిసింది.

పొద్దువాలే దాకా రాడ్డు మీద రాడ్డు దిగింది. గాలి వదిలిన ప్రతిసారీ నా గుండె బావి అంచుకి పోయి వచ్చేది. ప్రతిసారీ మాలకొండయ్య నడిచాడు, గంట నడిచింది, మంద నడిచింది. పోనుపోను నడిచే దూరం తగ్గింది. చివరికి ఎర్రోడు నిలబడి తల ఊపితే చాలు, అవి నిలబడి వింటున్నాయి. ఆ కీసులోనే ఒక సూడి గొర్రె పక్కకి పోయి పడుకుంది. భయానికి నెలలు నిండకుండానే ఈచుకుపోతోందేమోనని పరిగెత్తాను. కాదు. నెలలు నిండిన ఈతే. పిల్ల కింద పడేసరికి గొట్టం ఇంకా అరుస్తూనే ఉంది. తల్లి ఆ వైపు తల కూడా తిప్పకుండా పిల్లను నాకుతోంది.

నీళ్ళు పడ్డాయి. మరీ ఎక్కువ కాదు, చెట్లకి సరిపోతాయన్నాడు సురేంద్రబాబు.

మాలకొండయ్య చేతులు కడుక్కుంటూ కూతురి వైపు చూడకుండా అడిగాడు. "మద్రాసుకి ఎప్పుడు పోతావు?"

"రేపు పొద్దున్నే నాయనా. నువ్వే గదా పొమ్మన్నావు."

"ఆదివారం పో. ఆ పళ్ళ గొట్టం ఈడే పెట్టి పో. వచ్చేయేడు ఎవురు బోరేసినా కావాల."

వచ్చే ఏడు అన్నాడు వాడు. దివ్యశ్రీ నన్ను చూసింది. నేను పుట్టిన పిల్లను ఎత్తుకుని దొడ్డిలోకి పోయాను. ఎర్రోడి మెడలో గంట విప్పలేదు.